తామరకు లోపలికి మందు

ప్రాణం తీసే రోగాలకు చరిత్ర వ్రాసినవారు చాలమంది ఉన్నారు. మశూచి, కలరా, ప్లేగు, క్షయ అన్న పేర్లు వింటే ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయిన కథలు జ్ఞప్తికి వస్తవి. తామరకు అట్టి ప్రతిష్ఠ లేదు. అది ప్రాణం తీయదు, విసిగిస్తుంది. నలుగురిలో కూర్చున్నప్పుడు గోకుకొననీయదు, గోకుకొనకుండా ఉండనీయదు. బడిలో పిల్లవానిని వేరే బల్లమీద కూర్చుండబెడుతుంది. పెండ్లిచూపులలో ఆడపిల్ల చేత కొంగు నిండుగా కప్పిస్తుంది. ఇంతకంటె దానికి చరిత్ర ఏముంటుందని అనుకుంటాము.

కాని ఉన్నది. ప్రాణం తీయని ఈ రోగానికి మనుష్యులు కనిపెట్టిన చికిత్సలలో కొన్ని ప్రాణం తీసినవి. ఆ చికిత్సలను విడిచి, రోగి నోట వేసుకొని నిశ్చింతగా మింగగలిగిన ఒక మాత్ర దగ్గరకు రావడానికి వైద్యశాస్త్రానికి నూరేండ్లకు పైగా పట్టినది. ఆ మాత్రను ఎట్లా మింగవలెనో నేర్చుకొనడానికి మరి అరువది ఏండ్లు పట్టినది. ఆ పాఠం మనలో చాలమందికి ఇంకా పూర్తి కాలేదు.

ఈ విషయం మీద నాకు ఆసక్తి కలిగించినది నా కాలి బొటనవ్రేలి గోరు. అది పసుపుపచ్చగా మారి, మందమై, అంచు పెళుసుగా విరుగుతుంటే వైద్యుని దగ్గరకు పోయినాను. ఒక చీటీ వ్రాసి పంపుతారనుకున్నాను. ఆయన గోటి అడుగు నుండి కొంచెం పొడి గీకి పరీక్షకు పంపినారు. చేతి నుండి రక్తం తీయించినారు. నేను ప్రతిదినం పుచ్చుకొనే మందులన్నింటి పేర్లు అడిగి వ్రాసుకున్నారు. నాకు విసుగు కలిగి, "గోటి జబ్బుకు నెత్తుటి పరీక్ష ఏమిటండీ?" అన్నాను. ఆయన నవ్వి, "పరీక్ష గోటికి కాదండీ, మీరు మింగబోయే మాత్రకు" అన్నారు. ఆ ఒక్క మాట వెనుక ఎంత కథ ఉన్నదో తరువాత చదివి తెలుసుకున్నాను. అదే ఈ ప్రసంగం.

తామరను పురుగు అని మన పల్లెలలో ఈనాటికీ అనేవారున్నారు. ఇంగ్లీషువారు దానికి పెట్టుకున్న పేరుకు కూడా ఉంగరపు పురుగు అనియే అర్థం. మచ్చ చుట్టూ ఉంగరంవలె ఎర్రని అంచు లేస్తుంది గనుక ఆ పేరు వచ్చినది. నిజానికి అది పురుగు కాదు, బూజు. వానకాలంలో తోలుచెప్పు మీద, తడి తగిలిన ఊరగాయ జాడీలో పట్టే బూజుకు అది దూరపు చుట్టం. శాస్త్రజ్ఞులు ఈ జాతినంతటినీ శిలీంధ్రాలు అంటారు.

ఈ సంగతి మొదట బయటపడినది మనుష్యునిలో కాదు, పట్టుపురుగులో. ఇటలీ దేశంలో పట్టుపురుగులు చచ్చి, సున్నం పూసినట్లు తెల్లబడే ఒక రోగం రైతులను నాశనం చేస్తుండేది. దానికి కారణం పురుగు శరీరంలో పెరిగే శిలీంధ్రమని అగస్టీనో బస్సీ 1835లో ప్రకటించినాడు. రెండేండ్ల తరువాత, 1837లో, బెర్లినులో రాబర్ట్ రెమాక్ అనే యువవైద్యుడు తలమీద పుండ్లు కట్టే ఒక రకం తామర పొక్కును సూక్ష్మదర్శినితో చూచి, అందులో దారాలవంటివి ఉన్నవని గుర్తించినాడు. అవి శిలీంధ్రాలని 1839లో షోన్లైన్ అనే ఆచార్యుడు లోకానికి చెప్పినాడు. రెమాక్ తరువాత ఆ పొక్కు పదార్థాన్ని తన చేతికే అంటించుకొని, రోగం అంటుకొంటుందని చూపినాడు. 1840ల తొలిభాగంలో పారిస్ నగరంలో డేవిడ్ గ్రూబీ ఆ శిలీంధ్రం వెంట్రుకలో ఎట్లా చొరబడుతుందో వర్ణించినాడు. కాక్ పండితుడు క్షయక్రిమిని ప్రకటించినది 1882లో. అంతకు నాలుగు దశాబ్దాలకు ముందే తామరకు కారణం తెలిసిపోయినది. మనుష్యుని రోగాలలో సూక్ష్మజీవి కారణమని తేలిన మొదటివాటిలో తామర ఒకటి.

కారణం తెలిసినంత మాత్రాన మందు దొరకదు. ఒంటిమీద మచ్చకు పైపూతలు ఎల్లకాలమూ ఉన్నవి. మన దేశంలో సీమఅవిసె ఆకు నూరి రాసేవారు. వైద్యశాలలలో బెంజోయిక్, సాలిసిలిక్ ఆమ్లాలు కలిపిన విట్‌ఫీల్డ్ లేపనం ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్ళలో వచ్చి, ఇప్పటికీ నిలిచి ఉన్నది. చిన్న మచ్చకు ఇవి చాలును. కాని శిలీంధ్రం వెంట్రుక మొదలులో ఇల్లు కట్టుకున్నప్పుడు, గోటి పొరల నడుమ దాగినప్పుడు, పైన ఎంత రాసినా లోపలికి ఇంకదు. తలకు తామర పట్టిన పిల్లవానికి వెంట్రుకలన్నీ మొదలంట పీకివేయడం తప్ప మార్గం లేదని వైద్యులు తీర్మానించుకున్నారు. ఒక్కొక్క వెంట్రుకను చిమ్మటతో లాగేవారు. ఐరోపాలో పెద్ద నగరాలలో ఇట్టి పిల్లలకు ప్రత్యేకపు బడులే ఉండేవి, ఏలయనగా మామూలు బడులు వారిని చేర్చుకొనేవి కావు.

ఈ పరిస్థితిలో ఎక్సు కిరణాలు వచ్చినవి. 1895లో రోంట్జెన్ వాటిని కనుగొన్న కొద్దికాలానికే, అవి సోకిన చోట వెంట్రుకలు రాలిపోతున్నవని తెలిసినది. పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రిలో రేమండ్ సబురో, ఆయన సహచరుడు నోయిరే 1904లో ఈ గుణాన్ని తామర చికిత్సకు వినియోగించే పద్ధతిని ప్రకటించినారు. శిలీంధ్రశాస్త్రంలో సబురో మహానుభావుడు. ప్రయోగశాలలో శిలీంధ్రాలను పెంచే ఆహారానికి నేటికీ ఆయన పేరే ఉన్నది. సంవత్సరాలు పట్టే రోగం ఆ కిరణాలతో నెలలలో తగ్గినది. తల బోడి అవుతుంది, రోగంతో కూడిన వెంట్రుక రాలుతుంది, మళ్ళీ శుభ్రమైన వెంట్రుక మొలుస్తుంది. అందరూ సంతోషించినారు. ఏబదేండ్లకు పైగా ప్రపంచంలో ఎందరో పిల్లల తలలకు ఈ కిరణాలు సోకించినారు. ఇజ్రాయెల్ దేశం ఏర్పడిన తొలి సంవత్సరాలలో ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియా ప్రాంతాల నుండి వచ్చిన కుటుంబాల పిల్లలకు వేల సంఖ్యలో ఈ చికిత్స జరిగినది.

ఆ పిల్లలు పెద్దవారైనారు. వారిలో దాదాపు 11,000 మంది ఆరోగ్యాన్ని పరిశీలించి, బారుక్ మోదాన్, ఆయన సహచరులు 1974లో ఫలితాలు ప్రచురించినారు. తలలో, మెడలో గడ్డలు వారిలో ఎక్కువగా కనిపించినవి. కంఠంలోని థైరాయిడ్ గ్రంథికి వచ్చే కాన్సరు అందులో ఒకటి. చివరకు 1994లో ఇజ్రాయెల్ ప్రభుత్వం ఆనాటి బాధితులకు పరిహారమిచ్చే చట్టం చేసినది. ఆ చికిత్స చేసినవారు దుర్మార్గులు కారు. వారికి కళ్ళ ఎదుట తగ్గుతున్న తామర కనిపించినది. ముప్పయి ఏండ్ల తరువాత వచ్చే కాన్సరు కనిపించలేదు.

కిరణాల యంత్రం లేనిచోట మరొక మార్గం ఉండేది. థాలియం ఎసిటేట్ అనే లవణాన్ని పిల్లవాని బరువునుబట్టి ఒక్క మోతాదు నోట పోసేవారు. 1920 తరువాత ఇది వ్యాపించినది. ఇదే తామరకు లోపలికి ఇచ్చిన మందులలో పేరుపొందిన మొదటిది. చిత్రమేమంటే, అది శిలీంధ్రాన్ని ఏమీ చేయదు. వెంట్రుకలను రాలుస్తుంది, అంతే. వెంట్రుకలను రాల్చే మోతాదుకు, ప్రాణం తీసే మోతాదుకు నడుమ ఉన్న దూరం అత్యల్పం. తూనికలో పొరపాటు జరిగి పిల్లలు చనిపోయిన దుర్ఘటనలు వైద్యచరిత్రలో నమోదై ఉన్నవి. ఆ లవణమే ఎలుకల మందుగా కూడా అమ్ముడుపోయినదని చెబితే దాని స్వభావం తెలుస్తుంది.

ఇక అసలు మందు కథకు వస్తాను. 1939లో లండన్ నగరంలోని ఉష్ణమండల వైద్య విద్యాలయంలో ఆక్స్‌ఫర్డ్, రైస్ట్రిక్, సిమొనార్ట్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక పెనిసిలియం బూజు నుండి తెల్లని పదార్థాన్ని వేరుచేసి, దానికి గ్రిసియోఫుల్విన్ అని పేరుపెట్టినారు. పెనిసిలిన్ నిచ్చినది కూడా అదే కుటుంబపు బూజు. అయితే ఈ పదార్థం బాక్టీరియాలను చంపదు. ఆ కాలంలో అందరికీ కావలసినది బాక్టీరియాలను చంపే మందు. కనుక దీనిని ఎవరూ పట్టించుకొనలేదు.

కొద్ది సంవత్సరాల తరువాత మరొకచోట, మరొక పనిలో ఉన్నవారికి ఇది ఎదురైనది. ఇంగ్లండులో డార్సెట్ ప్రాంతపు వేర్‌హామ్ బీడునేలలో దేవదారు జాతి మొక్కలు సరిగా ఎదగడం లేదు. ఆ మట్టిలో ఏమున్నదో చూడబోయిన బ్రయన్, ఆయన తోటివారు 1946లో ఒక వింత పదార్థాన్ని గుర్తించినారు. అది తగిలితే శిలీంధ్రపు దారాలు తిన్నగా సాగక, మెలికలు తిరిగి చుట్టుకొనిపోతున్నవి. దానికి వారు మెలిపెట్టే పదార్థమని అర్థం వచ్చే పేరు పెట్టినారు. మరుసటి సంవత్సరం అది పాత గ్రిసియోఫుల్వినేనని తేలినది. వేరు ద్వారా దానిని మొక్కకు త్రాగిస్తే, ఆకుకు పట్టే బూజు తెగులు ఆగుతున్నదని కూడా వారు చూచినారు.

వేరున పోసిన మందు ఆకును కాపాడగలిగినప్పుడు, నోట పోసిన మందు చర్మాన్ని ఎందుకు కాపాడరాదు? ఈ ప్రశ్న మనకు ఇప్పుడు సహజంగా తోస్తుంది. దానికి సమాధానం రావడానికి పదేండ్లకు పైగా పట్టినది. 1958లో గ్లాస్గో నగరంలో జెంటిల్స్ అనే పరిశోధకుడు సీమపందికొక్కులకు తామర అంటించి, గ్రిసియోఫుల్విన్‌ను నోటి ద్వారా ఇచ్చినాడు. తామర తగ్గిపోయినది. కొన్ని నెలలలోనే లండన్, వియన్నా, మయామీ నగరాలలో వైద్యులు మనుష్యులకు ఇచ్చి అదే ఫలితాన్ని చూచినారు. 1959 నాటికి మందు విపణికి వచ్చినది. తలతామరకు ఎక్సు కిరణాలతో పని లేకపోయినది. ఎందరో పిల్లలకు ఒక మాత్ర చేసిన ఉపకారం అది.

ఆ మాత్ర చేసే పని తెలిస్తే, దానిని వాడవలసిన తీరు దానంతట అదే బోధపడుతుంది. గ్రిసియోఫుల్విన్ శిలీంధ్రాన్ని ఒక్క వ్రేటున చంపదు. దాని కణాలు చీలి రెండు కాకుండా అడ్డుపడుతుంది. రక్తంలో ప్రయాణించి, చర్మం అడుగున, వెంట్రుక మొదలులో, గోటి మొదలులో కొత్తగా పుడుతున్న కణాలలో చేరుతుంది. ఆ కణాలు గట్టిపడి పైకి వచ్చేటప్పుడు మందును వెంటబెట్టుకొని వస్తవి. శిలీంధ్రం ఆ కొత్త భాగంలో ప్రవేశించలేదు. కాని పాత భాగంలో అది బ్రతికే ఉంటుంది. ఆ పాత చర్మం రాలిపోయేవరకు, పాత వెంట్రుక, పాత గోరు పెరిగి కత్తిరింపుకు వచ్చేవరకు మందు ఆపరాదు. చెదపట్టిన ఇంటికి కొత్త దూలాలు వేయించేవాడు పాత దూలం ఒక్కటి మిగిలినా పని అయిపోయినదని అనుకొనడు గదా!

అందుచేతనే తలతామరకు ఆరు నుండి ఎనిమిది వారాలు, చేతిగోటికి ఆరు నెలలు, కాలిగోటికి ఏడాదికి పైగా ఈ మందు ఇవ్వవలసి వచ్చేది. దురద మాత్రం మొదటి కొద్ది దినాలలోనే తగ్గుతుంది. దురద తగ్గడం వేరు, రోగం తగ్గడం వేరు. ఈ రెండింటినీ ఒకటిగా భావించడమే లోపలి మందుల చరిత్రలో రోగులు చేసిన మొదటి పొరపాటు. అరువది ఏండ్లకు పైగా గడచినా ఆ పొరపాటు అట్లాగే ఉన్నది.

రెండవ పాఠం భోజనానికి సంబంధించినది. గ్రిసియోఫుల్విన్ నీటిలో కరగదు. ఖాళీ కడుపున మింగితే చాలభాగం వృథాగా పోతుంది. క్రొవ్వు ఉన్న భోజనంతో పుచ్చుకొంటే రక్తంలో ఎక్కువగా చేరుతుందని 1960ల ఆరంభంలో నిరూపించినారు. మందు కదా అని పథ్యం పట్టి, నేయి నూనె మాని, చారన్నంతో దీనిని మింగినవాడు తన పథ్యంతో తన మందునే ఓడించుకున్నవాడు అవుతాడు. ఏ మందుకు ఏ పథ్యమో మందును బట్టి ఉంటుంది గాని, మన అలవాటును బట్టి ఉండదు.

మూడవ పాఠం, ఈ మందు అందరికీ పనికిరాదు. కాలేయం చెడినవారికి, పోర్ఫీరియా అనే జన్మగత వ్యాధి ఉన్నవారికి, గర్భవతులకు దీనిని ఇవ్వరాదు. గర్భనిరోధక మాత్రల బలాన్ని, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ బలాన్ని ఇది తగ్గిస్తుంది. సారాయితో కలిస్తే ముఖం ఎర్రబడి గుండె దడదడ కొట్టుకోవచ్చును.

ఈ కథకు సమాంతరంగా అమెరికాలో మరొక కథ నడిచినది. అందులో మన తెలుగువారి పాత్ర కొంత ఉన్నది. భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లీ పరిశోధనాలయానికి సారథ్యం వహిస్తున్న కాలంలో, అక్కడ డగ్గర్ అనే వృద్ధశాస్త్రజ్ఞుడు మట్టి నుండి ఆరియోమైసిన్ అనే మందును సాధించినాడు. 1948లో అది వెలువడినది. ఆ సంవత్సరమే సుబ్బారావుగారు కన్నుమూసినారు. అనేక రకాల బాక్టీరియాలను ఒక్క మందే అణచడం గొప్ప విజయం. అయితే మన నోటిలో, ప్రేగులలో సహజంగా ఉండే బాక్టీరియాలు కూడా ఇట్టి మందులకు తగ్గిపోతవి. వాటి చాటున అణగి ఉన్న కాండిడా అనే శిలీంధ్రం అప్పుడు విజృంభిస్తుంది. నోరంతా తెల్లగా పూసి, మింగుడు పడకుండా చేస్తుంది. ఒక మందు తెచ్చిన మేలు వెంటనే మరొక మందు అవసరాన్ని కూడా తెచ్చినది.

ఆ అవసరాన్ని తీర్చినవారు ఇద్దరు స్త్రీలు. న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్యశాఖలో ఎలిజబెత్ హేజెన్ న్యూయార్క్ నగరంలో, రేచెల్ బ్రౌన్ ఆల్బనీ పట్టణంలో పనిచేస్తుండేవారు. ఒకరు మట్టిలోని సూక్ష్మజీవులను పెంచి తపాలాలో పంపితే, రెండవవారు వాటి నుండి మందును వేరుచేసి తపాలాలో తిప్పిపంపేవారు. వర్జీనియాలో ఒక స్నేహితుల పొలం నుండి తెచ్చిన మట్టిలో వారు వెదకినది దొరికినది. 1950లో ప్రకటించిన ఆ మందుకు తమ రాష్ట్రం పేరు కలిసివచ్చేటట్లు నిస్టాటిన్ అని పేరుపెట్టినారు. దానిపై వచ్చిన కోటి ముప్పయి లక్షల డాలర్ల రాబడిని తాము తీసుకొనక శాస్త్రపరిశోధనకు ధారపోసినారు. 1953లో, సుబ్బారావుగారు గతించిన ఐదేండ్లకు, హెసెల్టైన్ అనే శాస్త్రజ్ఞుడు కొత్తగా గుర్తించిన ఒక శిలీంధ్ర ప్రజాతికి సుబ్బారోమైసిస్ అని పేరుపెట్టినాడు. మన భీమవరం మనిషి పేరు శిలీంధ్రాల పట్టికలో శాశ్వతంగా నిలిచిపోయినది.

నిస్టాటిన్ ఒక విశేషం నేర్పినది. అది నోటి ద్వారా పుచ్చుకొన్నా రక్తంలోనికి పోదు. నోటిలో, ప్రేగులలో తగిలినచోటనే పనిచేసి బయటకు పోతుంది. అందుచేత దానివలన కాలేయానికి భయం లేదు. అందుచేతనే అది గోటికి, తలతామరకు పనికిరాదు. నోట వేసుకున్నదంతా ఒక్కతీరు లోపలి మందు కాదు. పొరుగువారి అబ్బాయికి నోటిపూతకు ఇచ్చిన మందును మన అబ్బాయి తలకు వాడితే ఎందుకు తగ్గదో దీనివలన తెలుస్తుంది.

నోట మింగితే రక్తంలో చేరి, తామరను, కాండిడాను, శరీరం లోపలి శిలీంధ్రాలను కూడా అణచే మందు కావాలని లోకం ఎదురుచూచినది. బెల్జియంలోని జాన్సెన్ పరిశోధనాలయం కీటోకోనజోల్‌ను తయారుచేసినది. 1981లో అమెరికాలో దానికి అనుమతి లభించినది. అది అద్భుతంగా పనిచేసినది. కాని కాలం గడిచేకొద్దీ మూడు సంగతులు బయటపడినవి. ఒకటి, కడుపులోని ఆమ్లం లేనిదే అది కరగదు. గుండెమంటకు వేసుకొనే మందులతో కలిపితే వృథా. రెండు, కొందరిలో అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వారిలో కొందరు మరణించినారు. మూడవది మిక్కిలి చిక్కైనది. మనం మింగే అనేక మందులను కాలేయంలోని ఎంజైములు విరిచివేస్తవి. కీటోకోనజోల్ ఆ ఎంజైములలో ముఖ్యమైనదానిని అడ్డగిస్తుంది. అప్పుడు రెండవ మందు విరగక రక్తంలో పేరుకొంటుంది.

దీని ఫలితం 1990లో అమెరికా వైద్యపత్రికలో ప్రకటితమైనది. తుమ్ములకు, జలుబుకు వాడే టెర్ఫెనడిన్ అనే మాత్రను కీటోకోనజోల్‌తో కలిపి పుచ్చుకొన్న ఒక స్త్రీకి గుండె లయ తప్పినది. రెండు మందులనూ వైద్యులు మంచివనే అనుకున్నారు. కలిస్తే ప్రమాదమని అప్పుడు తెలిసినది. 1998 నాటికి టెర్ఫెనడిన్ అమెరికా విపణి నుండి తొలగిపోయినది. 2013 జులైలో ఐరోపా మందుల సంస్థ శిలీంధ్ర రోగాలకు కీటోకోనజోల్ మాత్రల వాడకాన్ని నిలిపివేయవలెనని సిఫారసు చేసినది. అదే నెలలో అమెరికా సంస్థ దానిని చర్మానికి, గోటికి వచ్చే రోగాలకు వాడరాదని ఆదేశించినది. విసిగించే రోగానికి ప్రాణాంతకమైన మందు తగదన్నదే ఆ నిర్ణయాల సారం. థాలియం ఇచ్చిన కాలంలో ఈ త్రాసు పట్టుకున్నవారు లేకపోయినారు.

ఈనాడు వైద్యుల చేతిలో ప్రధానంగా మూడు మాత్రలున్నవి. టెర్బినాఫిన్ వియన్నాలోని సాండోజ్ పరిశోధనాలయంలో పుట్టి 1990ల తొలిభాగంలో విపణికి వచ్చినది. అది శిలీంధ్రాన్ని చంపుతుంది గనుక గోటి చికిత్స ఏడాది నుండి వారాలకు దిగినది. సాధారణంగా చేతిగోటికి 6 వారాలు, కాలిగోటికి 12 వారాలు. కాలేయవ్యాధి ఉన్నవారికి అది తగదు; కొందరికి నాలుక రుచి కొంతకాలం పోతుంది. ఇట్రాకోనజోల్ గొట్టాలను భోజనంతో మింగవలె. గుండె బలహీనపడినవారికి గోటిజబ్బుకై దానిని ఇవ్వరాదని 2001లో హెచ్చరిక వెలువడినది. కొన్ని కొలెస్టరాల్ మందులతో అది కలవరాదు. ఫ్లూకోనజోల్ ఇంగ్లండులో ఫైజర్ పరిశోధకులు సాధించినది. దానికి అన్నంతో నిమిత్తం లేదు. కాని మూత్రపిండాలు చెడినవారికి మోతాదు తగ్గించవలె. వార్ఫరిన్ బలాన్ని, కొన్ని మధుమేహపు మాత్రల బలాన్ని అది పెంచుతుంది.

ఇంత చరిత్ర నడిచిన తరువాత మన దేశంలో ఏమి జరుగుతున్నదో చూస్తే విచారం కలుగుతుంది. గడచిన పది పదునైదు సంవత్సరాలుగా తామర మన ఊళ్ళలో మొండికెత్తినది. ఇంటిలో ఒకరికి వస్తే అందరికీ పాకుతున్నది. తగ్గి మళ్ళీ వస్తున్నది. వైద్యులు చెప్పే కారణాలలో రెండు మన చేతిలో ఉన్నవి. మందుల దుకాణంలో అడిగితే ఇచ్చే కొన్ని పైపూతలలో శిలీంధ్రపు మందుతో పాటు బలమైన స్టీరాయిడ్ కలిసి ఉంటుంది. అది ఎరుపును, దురదను రెండు దినాలలో మాయం చేస్తుంది. అంతలో చర్మపు రక్షణశక్తిని అణచి, శిలీంధ్రానికి తలుపులు తెరుస్తుంది. రెండవ కారణం, మాత్రలను సగంలో మానివేయడం, కొంతకాలం తరువాత తోచినట్లు మళ్ళీ వేసుకొనడం. టెర్బినాఫిన్‌కు లొంగని తామర శిలీంధ్రాలు మన దేశంలో విరివిగా కనిపిస్తున్నవి. నేపాల్, భారతదేశాల నుండి వెళ్ళినవారిలో జపానులో గుర్తించిన అట్టి శిలీంధ్రానికి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటీనియే అని పేరుపెట్టినారు. సుబ్బారావుగారి పేరు శిలీంధ్రాల పట్టికకు ఎక్కినందుకు గర్వించాము. మన దేశం పేరు ఈ విధంగా ఎక్కినందుకు గర్వించలేము.

కనుక ఆ వైద్యుడు నా గోరు గీకడంలో, రక్తం తీయించడంలో, నా మందుల పట్టిక అడగడంలో ఒక్కొక్కదానికీ ఒక్కొక్క చరిత్ర ఉన్నది. గోరు మందమైనంత మాత్రాన అది శిలీంధ్రమే కానక్కరలేదు. సోరియాసిస్ వలన, దెబ్బ తగలడం వలన కూడా గోరు అట్లాగే అవుతుంది. ముందు రెమాక్ చూచిన దారాలు కనిపించవలె. అప్పుడే నెలల తరబడి మాత్ర మింగడానికి అర్థం ఉంటుంది. రక్తపరీక్ష కీటోకోనజోల్ కాలంలో దెబ్బతిన్న కాలేయాలు నేర్పిన జాగ్రత్త. మందుల పట్టిక ఆ తుమ్ముల మాత్ర నేర్పినది. అందులో రక్తపుపోటు మాత్ర, మధుమేహపు మాత్ర, గుండెమంట మందు, పసరు, లేహ్యం, ఏదీ దాచరాదు. గర్భవతియైనా, కావచ్చునన్న అనుమానమున్నా, పాలిస్తున్న తల్లియైనా ముందే చెప్పవలె. పిల్లలకు మోతాదు బరువునుబట్టి వైద్యుడే నిర్ణయించవలె గాని, పెద్దల మాత్రను సగం విరిచి ఇవ్వరాదు.

మందు మొదలుపెట్టిన తరువాత ఆకలి మందగించి వాంతులైనా, మితిమీరిన నీరసం కలిగినా, మూత్రం ముదురు రంగులో పోయినా, కండ్లు పచ్చబడినా, ఒంటిమీద దద్దురు లేచినా మాత్ర ఆపి వెంటనే వైద్యుని చూడవలె. కాళ్ళ వాపు, ఆయాసం కనిపించినా అంతే. ఈ చిహ్నాలు లేనప్పుడు, దురద తగ్గినదని చెప్పి మాత్ర ఆపరాదు. ఒక పూట మరచిపోతే మరునాడు రెండు మాత్రలు మింగి లెక్క సరిచేయరాదు. ఇంటిలో మరెవరికి తామర ఉన్నదో చూచి వారికీ అప్పుడే చికిత్స చేయించవలె. తువ్వాలు, పక్కబట్టలు వేరుచేసి ఎండలో ఆరవేయవలె.

నా గోటిలో శిలీంధ్రం ఉన్నదని, నా కాలేయం చక్కగా ఉన్నదని పరీక్షలు చెప్పినవి. పన్నెండు వారాలు మాత్ర మింగినాను. మందు పూర్తియైన నాటికి గోరు చూడబోతే మొదట మూడోవంతు మాత్రమే తేటగా ఉన్నది. మందు పనిచేయలేదేమోనని దిగులుపడి మళ్ళీ వైద్యుని దగ్గరకు పోయినాను. ఆయన గోటి మొదలున ఉన్న తేట భాగాన్ని వ్రేలితో చూపి, "ఇది పెరిగి పైకి రావద్దూ?" అన్నారు. కాలిగోరు చాల మెల్లగా పెరుగుతుంది. ఏడాదికి చేరువైన తరువాత ఒకనాటి ఉదయం చివరి పసుపు ముక్కను కత్తిరించినాను.

ఆ ముక్కను పారవేస్తూ, బోడితలలతో వరుసగా కూర్చున్న ఆనాటి పిల్లలను తలచుకొన్నాను. వారికి తొందరగా తగ్గే చికిత్స దొరికినది. నాకు మెల్లగా తగ్గే చికిత్స దొరికినది. ఇద్దరిలో అదృష్టవంతుడు ఎవరో వేరే చెప్పనక్కరలేదు.